షవర్ క్యాపుల కేశవరావు

ట్రాయ్ అనే అమెరికా ఊళ్ళో తెలుగువాళ్ళ ఇంట గృహప్రవేశమో, వ్రతమో ఉందంటే మొదటి ఫోను పంతులుగారికి వెళ్తుంది, రెండోది కేశవరావుకి. పంతులుగారు ముహూర్తం చెబుతారు. కేశవరావు ఒక మడత నిచ్చెన, ఒక గుడ్డసంచీ పట్టుకుని ఆ ముహూర్తానికి గంట ముందే దిగుతాడు. సంచీలో ఉండేవి షవర్ క్యాపులు, స్నానంలో జుట్టు తడవకుండా పెట్టుకునే ప్లాస్టిక్ టోపీలు. ఆఫీసు పనిమీద ఏ ఊరెళ్ళినా హోటల్ బాత్రూంలో సబ్బుల జోలికి పోకుండా షవర్ క్యాపు ఒక్కటీ జేబులో వేసుకుని రావడం ఆయనకి ఏళ్ళనాటి అలవాటు. నిచ్చెనెక్కి, ఇంటి కప్పుకున్న స్మోక్ అలారాలన్నిటికీ వాటిని తలపాగాల్లా తొడుగుతాడు. లేకపోతే హోమం పొగకి అవి కుయ్యోమంటాయి, ఆ కూతకి ఫైరింజన్ వస్తుంది, వచ్చినవాళ్ళు బూటుకాళ్ళతో పీటల దాకా నడిచొస్తారు. ఒకసారి ఎవరింట్లోనో అలా జరిగిందట. అప్పట్నుంచీ ఊళ్ళో ఏ హోమంలోనూ కేశవరావు షవర్ క్యాపు పడకుండా నిప్పు పడలేదు.

ఆయన ఉద్యోగం కూడా ఆ బాపతే. కార్లకి బ్రేకులు తయారుచేసే కంపెనీలో సేఫ్టీ ఇంజనీరు. ఏ భాగం ఎప్పుడు ఎలా చెడిపోవచ్చో, చెడిపోతే ఎవరి ప్రాణం మీదికి రావచ్చో ముందే ఊహించి చెప్పడం ఆయన పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కీడెంచినవాడు ఇంటికొచ్చి మేలెంచమంటే ఎలా ఎంచుతాడు? పుట్టినరోజు పార్టీలో కేకు కొయ్యబోతుంటే ఆపి, "ఈ గదికి రెండు దార్లున్నాయి. ఏదైనా అయితే సోఫా వైపు వాళ్ళు ఇటు, టీవీ వైపు వాళ్ళు అటు" అని విమానంలో అమ్మాయిలా చేతులు చూపించేవాడు. తన ఇంట్లో విందులకైతే ఇంకో మెట్టు పైకెళ్ళాడు. అందరూ ప్లేట్లు పట్టుకుని కూర్చున్నాక ఉన్నట్టుండి "మంట! లేవండి, అందరూ బయటికి!" అని అరిచి, ఎవరు ఎంత చప్పున కదిలారో వాచీ చూసుకునేవాడు. జనం మొదట్లో పులిహోర ప్లేట్లతో లాన్‌లోకి పరిగెత్తారు. తర్వాత నడిచి వెళ్ళారు. ఆ తర్వాత కూర్చున్నచోటే కూర్చుని, "తిన్నాక వెళ్దాం లెండి, కేశవరావు గారూ" అనడం మొదలుపెట్టారు.

ఆయన భార్య రాగిణి డే కేర్‌లో పసిపిల్లల్ని చూసుకుంటుంది. కదలమంటే కదలని మూడేళ్ళ పిల్లల్ని, ఒక్క కేక వెయ్యకుండా గదిలోంచి గదిలోకి నడిపించడం ఆవిడకి చేతనైన విద్య. ఆ విద్యకి డే కేర్‌లో మంచి పేరుంది గానీ ఇంట్లో చెల్లుబడి లేదు. ఇంట్లో ఆవిడ ఏం చెప్పినా కేశవరావు అడిగేది ఒక్కటే, "డేటా ఏదీ?" అని. ఒకసారి కారులో వెళ్తూ, "ముందు చక్రం దగ్గర ఏదో చప్పుడొస్తోందండీ" అందావిడ. "రోడ్డు బాలేదు. చక్రం అనడానికి నీ దగ్గర డేటా ఏదీ?" అన్నాడు. డేటా ఫ్రీవే మధ్యలో దొరికింది. చెడిన కారుని లాక్కెళ్ళే టో ట్రక్ వచ్చేదాకా ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. రాగిణి ఒక్క మాటా అనలేదు. అనలేదన్న సంగతి కేశవరావుకి ఇప్పటికీ గుర్తే, అదే ఆయనకి ఎక్కువ బాధ.

ఆవిడకి ఆ ఇంట్లో నచ్చింది ఫైర్‌ప్లేస్. నిజానికి ఆ ఇల్లు కొందామన్నదే దాన్ని చూసి. పాత ఇటుకలు, పైన చెక్క పలక, కట్టెలు పేర్చుకోవడానికి పక్కన చిన్న గూడు. అమ్మిన ముసలి దంపతులు చలికాలమంతా దాని ముందే గడిపేవాళ్ళమని చెప్పారు. రాగిణి ఏటా మొదటి మంచు పడగానే అడిగేది, "ఒక్కసారి వెలిగిద్దామండీ, టీ తాగుతూ కూర్చుందాం" అని. కేశవరావు ఏటా అదే జవాబు చెప్పేవాడు. "ఇన్‌స్పెక్షన్ కాని చిమ్నీలో నిప్పు పెట్టకూడదు." "మరి చేయించండి." "వాడని చిమ్నీకి ఇన్‌స్పెక్షన్ దేనికి?" ఈ రెండు మాటల మధ్య చాలా చలికాలాలు వెళ్ళిపోయాయి. ఆవిడ అడగడం మానేసి, అందులో ఇత్తడి కుందులు పెట్టుకుంది.

కేశవరావుకి అరవై నిండాయి. షష్టిపూర్తి ఇంట్లోనే చేసుకుందామని, దగ్గరివాళ్ళని మాత్రం పిలుద్దామని అనుకున్నారు. దగ్గరివాళ్ళని ఏరితే నలభై మంది తేలారు. వచ్చిన చిక్కల్లా ఫిబ్రవరి. బయట పెరట్లో మోకాలి లోతు మంచు. మామూలుగా ఈ ఊళ్ళో చలికాలం హోమాలు గరాజ్‌లో చేస్తారు, తలుపు సగం ఎత్తిపెట్టి, అల్యూమినియం ట్రేలో ఇటుకలు పేర్చి. కేశవరావు దానికి ససేమిరా అన్నాడు. గరాజ్‌లో మంచు ఎగజిమ్మే స్నో బ్లోయర్ ఉంది, దానికి పెట్రోలు డబ్బా ఉంది. పెట్రోలు పక్కన నిప్పు పెట్టేవాణ్ణి ఏమంటారు? మరి ఇంటిని కట్టినవాడే నిప్పుకోసమని కట్టిన చోటు ఇంట్లో ఉండగా ఇంకోచోట హోమం దేనికి? పైగా ఆ ఫైర్‌ప్లేస్ తూర్పు గోడకుంది. ఎదురుగా కూర్చుంటే కర్త తూర్పు ముఖంగా ఉంటాడు. శాస్త్రమూ ఇంజనీరింగూ ఒకే చోట కలవడం చూసి ఆయన మురిసిపోయాడు.

"అందులో నిప్పు పెట్టకూడదన్నారుగా?" అంది రాగిణి.

"నిప్పు వేరు, హోమం వేరు. రెండు సమిధలు, గరిటెడు నెయ్యి. పొగ పైకి పోతే చాలు."

"ఇన్‌స్పెక్షన్?"

కేశవరావు పొగగొట్టంలోని ఇనుప మూత తెరిచి, టార్చి వేసి, మెడ తిప్పి పైకి చూశాడు. పైన చిన్న బిళ్ళంత ఆకాశం కనిపించింది. "అదిగో, ఆకాశం కనిపిస్తోంది. డేటా" అన్నాడు. ఆ ఆకాశానికీ తనకీ మధ్య గోడలకి వేలు మందాన పేరుకున్న తారులాంటి నల్లటి మసి కూడా టార్చి వెలుగులో తళతళలాడింది. దాన్ని ఆయన పాత ఇటుకల సహజ సౌందర్యం కింద జమకట్టాడు. కుందులు తీసేసి, ఇల్లంతా తిరిగి, తన చేత్తో ప్రతి అలారానికీ షవర్ క్యాపు తొడిగాడు. అలారం కంపెనీకి ఫోన్ చేసి, సాయంత్రం దాకా తమ ఇంటి సంగతి పట్టించుకోవద్దని కూడా చెప్పాడు.

ఆ రోజు ఇల్లు పట్టుచీరలతో, మల్లెపూల వాసనతో, బూట్లు విడిచే జాగా చాలక కళకళలాడింది. హోమం మొదలైంది. పొగ ఒక్క రవ్వ కూడా గదిలోకి రాకుండా తిన్నగా పైకి పోతుంటే జనం ముక్కున వేలేసుకున్నారు. "ఇన్ని రోజులు గరాజ్‌ల ఎందుకు కండ్లు మండబెట్టుకున్నమన్నా?" అన్నాడు కేశవరావు స్నేహితుడు రఘువీర్. కేశవరావు స్వాహా అనకముందే గరిటె ఎత్తేంత ఉత్సాహంలో ఉన్నాడు. ఎండుకొబ్బరి చిప్ప వేశారు, పిడకలు వేశారు. గరిటెడనుకున్న నెయ్యి గిన్నెలకి గిన్నెలు పోతోంది.

"అమ్మా, నెయ్యి అయిపోవచ్చింది" అన్నారు పంతులుగారు. రాగిణి పీటమీంచి లేచి వంటింట్లోకి వెళ్ళింది. వంటింటి గోడకి అటువైపే చిమ్నీ. నెయ్యి కరిగిస్తుంటే గోడలోంచి ఏదో గుర్రుమని వినిపించింది. చెయ్యి ఆనించింది. గోడ వేడిగా ఉంది. గిన్నె పట్టుకొచ్చి పీట మీద కూర్చుంటూ, మొగుడి చెవి దగ్గర, "గోడలో ఏదో చప్పుడండీ" అంది.

"గాలి."

"గోడ కాలుతోందండీ."

"అవతల నిప్పుంటే గోడ వేడెక్కదా? కూర్చో." ఆయన కళ్ళు పంతులుగారి మీదే ఉన్నాయి. ఆవిడ కూర్చుంది. కూర్చుని చెవులు రిక్కించింది. పెళ్ళిపీటల మీద పెళ్ళికూతురు మాట్లాడకూడదు కాబట్టి కాసేపు ఓపిక పట్టింది. గుర్రుమన్నది కాస్తా, దూరాన గూడ్స్ బండి వస్తున్నట్టు, గడగడమని ఎక్కువైంది.

"ఏమండీ. అది గాలి కాదు."

"రాగిణీ, మంత్రం నడుస్తోంది."

ఈసారి చప్పుడు వెనక వరసలకీ వినిపించింది. "అన్నా, గా సప్పుడేంది?" అన్నాడు రఘువీర్. నలభై జతల కళ్ళు కేశవరావు వీపు మీద వాలాయి. ఆయన తల కూడా తిప్పలేదు. "డ్రాఫ్ట్. చిమ్నీ బాగా లాగుతోందన్నమాట. మంచి లక్షణం" అన్నాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. "ఆయనే చెప్పాక ఇంకేంటి" అంది రఘువీర్ భార్య రాధారాణి, లేవబోయిన పిల్లాణ్ణి మళ్ళీ ఒళ్ళో కుదేస్తూ. ఊళ్ళో ఇంకెవరింట్లో ఆ చప్పుడొచ్చినా ఈపాటికి జనం వీధిలో ఉండేవాళ్ళు. కేశవరావు ఉన్న ఇల్లు కాబట్టి ధైర్యంగా కూర్చున్నారు.

రాగిణి మళ్ళీ లేచింది, నెయ్యి కోసమన్నట్టు. వంటింట్లో ఫోన్ చూసుకుంటూ కూతురు నైనిక నిలబడి ఉంది, ఈ వేడుక కోసం చికాగో నుంచి వచ్చింది. "నైనీ, 911కి కాల్ చెయ్యి. చిమ్నీలో మంటని చెప్పు."

"What? డాడీ చెప్పాడా?"

"డాడీని అడక్కు. చెయ్యి."

అక్కడ పీటల దగ్గర, పొగగొట్టంలోంచి పిడికెడు నిప్పుముద్ద ఒకటి ఊడి హోమం ట్రేలో పడింది. వెనకే ఇంకోటి. "అగ్నిహోత్రుడు స్వీకరించాడయ్యా!" అని పంతులుగారు పరవశించారు. కేశవరావుకి మాత్రం అర్థమైంది. అది సమిధ కాదు. పైనుంచి రాలుతున్న మసి, భగభగా మండుతూ రాలుతోంది. అరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా పదిమంది ముందు 'నేను పొరబడ్డాను' అనని మనిషి. ఇప్పుడు అనాలి, వెంటనే అనాలి, లేకపోతే వెనక పసిపిల్లలున్నారు. నోరు తెరిచాడు. "స్వాహా" అన్నారు పంతులుగారు. కేశవరావు చెయ్యి తన పాటికి తను ఇంకో గరిటె నెయ్యి పోసింది.

ఆ నెయ్యి గుప్పుమనడం చూశాక దిగ్గున లేచాడు. "మంట! లేవండి, అందరూ బయటికి!"

గదంతా గొల్లున నవ్వింది.

"ఇయ్యాల గూడనా అన్నా డ్రిల్లు? పీటల మీద పెళ్ళికొడుకువి, కూసో!" అన్నాడు రఘువీర్.

"డ్రిల్లు కాదయ్యా! నిజంగా మంట!"

"పోయినసారి గూడ నిజంగానే అన్నవ్."

"కర్త మధ్యలో లేవకూడదు, కూర్చోండి" అని పంతులుగారు కసురుకున్నారు.

"చిమ్నీ అంటుకుంది, నా మాట వినండి!"

"నిజమైతే అలారం మొత్తుకోదా అన్నా?" అని రఘువీర్ పైకి చూపించాడు. కేశవరావు పైకి చూశాడు. కప్పు మీద షవర్ క్యాపు బొద్దుగా, నిమ్మళంగా ఉంది. ఒక మాట చెబితే ఎదుటివాళ్ళు నవ్వి ఊరుకోవడం ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. భయం కన్నా అదే ఎక్కువగా గుండెలో గుచ్చుకుంది.

అప్పుడు వంటింటి గుమ్మంలో రాగిణి కనిపించింది. కేక వెయ్యలేదు. తీరిగ్గా, అందరికీ వినపడేంత గొంతుతో, "అన్నయ్యగారూ, వీధిలో పెట్టిన కార్లన్నీ టో చేసేస్తున్నారు. ఎవరివో చూసుకోండి" అంది.

గదిలో ఉన్న మగవాళ్ళంతా ఒక్కసారి లేచారు. మంటకి లేవనివాళ్ళు, కారుకి లేచారు. బూట్లు వెతుక్కునే వ్యవధి కూడా లేక సాక్సులతోనే మంచులోకి ఉరికారు. ఎవరి కారు పోయిందోనని ఆడవాళ్ళు, అమ్మలు వెళ్తున్నారని పిల్లలు. పంతులుగారు మాత్రం కదల్లేదు. "పూర్ణాహుతి కాకుండా లేచేది లేదమ్మా" అన్నారు.

"మీ కొత్త ఎలక్ట్రిక్ కారుకి కొక్కెం తగిలిస్తున్నారండీ."

పంతులుగారు పళ్ళెం చేతపట్టుకునే పరిగెత్తారు. ఆఖరున రాగిణి, నైనికని ముందు పంపి, మొగుడి ఉత్తరీయం కొంగు పట్టుకుని ఆయన్ని బయటికి నడిపించింది.

బయట టో ట్రక్ లేదు. చిమ్నీ కొసన నిలువెత్తు మంట మాత్రం ఉంది. నిప్పురవ్వలు కప్పు మీది మంచులో పడి చుయ్యిమంటున్నాయి. అందరూ నోళ్ళు తెరుచుకుని పైకి చూశారు. ఫైరింజన్ వీధి మలుపు తిరిగింది. పట్టుచీరలు మంచులో నిలబడి ఉండటం చూసి పక్కింటి డేవ్ తన గరాజ్ తలుపు ఎత్తి, అందరినీ లోపలికి పిలిచి, హీటరు పెట్టాడు. ఫైర్ వాళ్ళు కప్పెక్కి పొగగొట్టంలోకి ఏవో పొడి సంచులు వదిలారు. గూడ్స్ బండి ఆగిపోయింది. వంటింటి గోడ కొంచెం చీల్చి చూసి, మంట ఇంట్లోకి పాకలేదని చెప్పారు.

"చిమ్నీ చివరిసారి ఎప్పుడు తుడిపించారు?" అని అడిగాడు వాళ్ళ పెద్ద.

"మేము వాడమండీ" అన్నాడు కేశవరావు. ఆయన ఇంగ్లీషులోనే అన్నాడు, ఆ మాట ఏ భాషలో అన్నా అంతే తెలివిగా ఉండేది.

ఆ పెద్ద గరాజ్ నిండా ఉన్న జనాన్ని, ఒళ్ళో పసిపిల్లల్ని చూశాడు. ఇంతమందిని ఒక్కరికీ దెబ్బ తగలకుండా ఇంత త్వరగా బయటికి తెచ్చిందెవరని అడిగాడు. నలభై వేళ్ళు కేశవరావు వైపు లేచాయి. "మా అన్న. సేఫ్టీ ఎక్స్‌పర్ట్" అని రఘువీర్ వీపు తట్టి మరీ చెప్పాడు. "అందరికన్నా ముందు మంటని అరిచింది ఈయనే. మేమే వినలే." ఆ పెద్ద కేశవరావు చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. కేశవరావు రాగిణి వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత, "థాంక్యూ" అన్నాడు.

రాగిణి ఏమీ అనలేదు. ఫ్రీవే పక్కన అననట్టే.

పంతులుగారు వాచీ చూసుకుని హడావుడి పడ్డారు. ముహూర్తం ఇంకా దాటలేదట. మంగళసూత్రాలు, అక్షింతలు పళ్ళెంలో భద్రంగా ఉన్నాయి. అగ్నిసాక్షి అయితే కావలసినదానికన్నా ఎక్కువే జరిగింది, మాంగల్యధారణ ఇక్కడే కానిచ్చేద్దామన్నారు. డేవ్ గడ్డికోత మిషనుని ఓ పక్కకి జరిపి, రెండు మడత కుర్చీలు వేశాడు. జనం అక్షింతలు పట్టుకున్నారు. కేశవరావు పసుపుతాడు అందుకుని, లేచి నిలబడి, రాగిణి మెడ వైపు వంగాడు.

రాగిణి తల వంచలేదు.

"ఏంటి?" అన్నాడాయన, మెల్లగా.

"మొదటిసారి అడక్కుండా వంచాను. ఈసారి ఒక మాట చెప్పండి, వంచుతాను."

"ఏం మాట?"

"చప్పుడు ఎవరు విన్నారో చెప్పండి. నాకు కాదు. వాళ్ళకి."

కేశవరావు చుట్టూ చూశాడు. ఊళ్ళో తనకున్న పేరంతా ఆ గరాజ్‌లో సాక్సుల మీద నిలబడి ఉంది. "అంటే, టెక్నికల్‌గా చూస్తే..." అని మొదలుపెట్టాడు. ఆవిడ మెడ నిటారుగానే ఉంది. పంతులుగారు వాచీ చూసుకున్నారు. కేశవరావుకి టో ట్రక్ కోసం నిలబడ్డ రోజున ఆవిడ మొహం గుర్తొచ్చింది, ఇత్తడి కుందులు గుర్తొచ్చాయి. ఆయనకి నిజంగానే సిగ్గేసింది.

"చప్పుడు విన్నది రాగిణి" అన్నాడు గట్టిగా. "గోడ వేడిగా ఉందని చెప్పింది. ఒకసారి కాదు. నేను వినలేదు. నేను తప్పు, తను రైట్. ఫైర్ వాళ్ళని పిలిపించింది తను, మిమ్మల్ని బయటికి తెచ్చింది తను. నేను చేసిందల్లా అలారాలకి మూతలు పెట్టడం, మండేదాన్లో నెయ్యి పొయ్యడం."

రాధారాణి కళ్ళొత్తుకుంది. "చూశారా, ఎంత వినయమో! ఇంత చేసీ పేరు భార్యకిచ్చేస్తున్నారు" అంది. "మా అన్న అంటే గిట్లుంటది!" అని రఘువీర్ చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ కొట్టారు. ఏం జరుగుతోందో తెలియని డేవ్ కూడా కొట్టాడు.

"అది కాదయ్యా, నేను నిజం చెబుతున్నాను!" అన్నాడు కేశవరావు. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఆయన తాడు పట్టుకుని, దిక్కుతోచక, రాగిణి వైపు తిరిగాడు. ఆవిడ నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పోనీలెండి, నేను విన్నాను. కట్టండి" అని తల వంచింది.